సోమవారం వచ్చే మాస్టారు

జోగారావు కూతురు సంజన మూడో తరగతిలో ఉంది. తన పేరు తప్ప మరేమీ రాయడం రాదు.

తప్పు టీచరు దమయంతిది కాదు. అయిదు తరగతులకూ ఆమె ఒక్కతే. గది కూడా ఒక్కటే. రెండో తరగతికి ఎక్కాలు చెబుతుంటే నాలుగో తరగతి గుంటలు కొట్టుకుంటూ ఉంటారు.

ఊళ్లో సగంమంది తమ పిల్లల్ని పూండిలోని ప్రైవేటు బడికి మార్చేస్తామంటున్నారు. అక్కడి ఫీజు జోగారావు జీడితోట మోసేది కాదు. అందుకే దేవుడికి దణ్ణం పెట్టుకుని, ఇంకో మాస్టారును వెయ్యమని ఆఫీసరును అడుగుదామని టెక్కలి వెళ్లాడు.

ఆఫీసరు కడప నుంచి కొత్తగా వచ్చినాయన. ఫైలు మీంచి తల ఎత్తలేదు.

"బడి నిండా గుంటలేనండి. దమయంతి మేడమొక్కరూ ఏటి సేత్తారు?"

"దెబ్బలేమైనా తగులుతున్నాయా?"

"రోజూనండి. నిన్న మా పాప మోకాలు సిట్లిపోనాది."

"పెద్దవా, చిన్నవా?"

పిల్లల్ని పట్టుకుని ఆ మాటేమిటి! జోగారావుకు మనసు చివుక్కుమంది.

"రెండూ ఉన్నాయండి."

"సరే, వెళ్లు. సోమవారం పంపిస్తా."

అర్జీ కూడా అడగలేదు.

బస్సులో జోగారావుకు సంతోషం కంటే అనుమానమే ఎక్కువైంది. పెద్దా చిన్నా అని ఎందుకు అడిగినట్టు? పెద్దవాళ్లను వేరే ఊరి బడికి తోలేస్తాడా?

బావమరిది ఢిల్లీరావు ఆ అనుమానాన్ని ఇంకాస్త ఎగదోశాడు.

"ఏటి బావా, అడగ్గానే ఒప్పేసుకున్నాడా? సోమారం మాస్టారు రాడు, బడికి తాళం వత్తాది. సూడు."

"నోర్ముయ్‌రా. దేవుడి మీద బారం ఏసి వచ్చాను."

"దేవుడు బాగానే ఉంతాడు. నా గుంటడికి ఎక్కాలెవుడు సెప్తాడు?"

జోగారావు ఇంటింటికీ తిరిగి బతిమాలాడు. సోమవారం దాకా ఆగమన్నాడు. మాస్టారు రాకపోతే మీ ఇష్టం అన్నాడు.

సోమవారం ఉదయం దమయంతి గది మధ్యన పాత చీర తెరగా కట్టింది. ఇటు తను, అటు కొత్త మాస్టారు. పిల్లలు మందారాలు పట్టుకుని గేటు దగ్గర నిలబడ్డారు. ఢిల్లీరావు ఓ పక్కన చేతులు కట్టుకుని నవ్వుతున్నాడు.

జీడితోటల మలుపులో బండి చప్పుడైంది. ఢిల్లీరావు నవ్వు ఆగిపోయింది. జోగారావు కళ్లు మూసుకుని చేతులు జోడించాడు.

ఎర్రకంకర నింపుకొచ్చిన టిప్పరు గేటు ముందు ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి, "గుంటలెక్కడున్నాయండీ, పూడ్చేసి రమ్మన్నారు ఆఫీసరుగారు" అన్నాడు.