మూడేళ్ళు గడిచాయి

“మళ్ళీ చదువు,” అంది అక్క.

చెల్లెలు మళ్ళీ చదివింది. “మూడేళ్ళు గడిచాయి. ఇప్పుడు ఆ పిల్ల చెయ్యెత్తితే తుఫాను ఆగిపోతుంది.”

“అంతేనా? మధ్యలో ఏం లేదా?”

“లేదక్కా. తర్వాత యుద్ధమే.”

అక్క కాళ్ళమీది దుప్పటిని విసిరికొట్టింది.

బస్సు ప్రమాదంలో తలకు దెబ్బ తగిలి ఆసుపత్రిలో చేరినప్పటినుంచి ఆమెకు కాళ్ళు స్వాధీనంలో లేవు. అక్షరాలు అలుక్కుపోయి కనిపిస్తున్నాయి. ఈమధ్య కొన్నేళ్ళ సంగతులు తుడిచిపెట్టుకుపోయాయి. గుర్తులేనివన్నీ ఒక్కసారిగా మీద పడెయ్యొద్దని డాక్టరు హెచ్చరించినా, చెల్లెలి పెళ్ళి సంగతి బయటపడనే పడింది. తనను అడక్కుండా ఎలా చేసుకున్నావంటూ అక్క మాట్లాడడం మానేసింది. ఆ సంబంధం కుదిర్చింది అక్కేనంటే నమ్మలేదు.

అలిగిన మనిషిని మాటల్లో పెట్టడానికే చెల్లెలు ఈ నవల చదివి వినిపించడం మొదలుపెట్టింది. వేరే గ్రహం కథ. అక్కడి గాలి మనుషుల్ని ఎత్తుకుపోతుంది. దాన్ని ఆపే శక్తితో పుట్టినా వాడుకోవడం చేతకాని ఒక పిల్ల, ముసలి గురువు దగ్గర సాధన చేస్తుంది. మొదటి మూడు భాగాల్లోనూ ఆమె పడుతూనే ఉంటుంది. అక్కకు అదే నచ్చింది. నడక నేర్పే కడ్డీల మధ్య తాను కూలబడినా చిన్నతనం అనిపించేది కాదు. “అంత శక్తి ఉన్నదే పడుతోంది, నాదెంత,” అని ఫిజియోతో అని మళ్ళీ లేచేది.

నాలుగో భాగం అంతా చెడగొట్టింది.

మర్నాడు ఫిజియో వస్తే ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. ఎలా నేర్చుకుందో చెప్పకుండా గెలిపించేస్తే ఎవరికి ఉపయోగమని నిలదీసింది. ఆ రాసినవాడు జన్మలో ఎప్పుడూ కిందపడి ఉండడనీ, ఒళ్ళునొప్పి తెలియనివాడికే మూడేళ్ళు రెండు ముక్కల్లో తేలిపోతాయనీ అంది. యుద్ధమైతే బావుంది కదా అని పక్కమంచం ఆవిడ సర్దిచెప్పబోతే ఆవిడమీదా విరుచుకుపడింది. “యుద్ధం ఒక్కపూట. మిగతా రోజులు ఏం చేసిందో చెప్పొద్దూ?”

ఎంత బతిమాలినా మంచం దిగలేదు. ఇలాగే ఉంటే కాళ్ళు బిగుసుకుపోతాయని ఫిజియో చెల్లెల్ని పక్కకు పిలిచి చెప్పాడు.

ఆ వారంలోనే చెల్లెలు ఆ నవల ప్రచురణకర్తను వెంటబెట్టుకొచ్చింది. నెరిసిన గడ్డం, భుజాన సంచీ. అక్కను చూసి గుమ్మంలోనే నిలబడిపోయాడు.

“కూర్చోండి,” అంది అక్క. “ఆ మూడేళ్ళూ ఎవరు మింగారు?”

అతను తల వంచుకున్నాడు. “తప్పేనమ్మా.”

“తప్పంటే సరిపోయిందా? రచయితని పిలిచి రాయించండి.”

“ఇప్పుడు రాసే స్థితిలో లేరు.”

“చివరిదాకా నడిపించలేనప్పుడు ఆ పిల్లని తీసుకెళ్ళి గాల్లో నిలబెట్టడం దేనికి? రాసుకోండి, నేను చెప్తా.”

అతను ఫోన్లో రికార్డింగు పెట్టాడు. ఆమె చెప్పుకుపోయింది. పిల్లకు గురువు మొహం చూడాలంటేనే ఒళ్ళు మండిన రోజు, తిండి మానేసి పడుకున్న రోజు, గాలి లేనప్పుడు నిలబడడమే ముందు నేర్చుకోవాలని తెలిసొచ్చిన రోజు. ఒకచోట ఆగిపోయింది. గాలి వెనక్కి నెట్టేటప్పుడు బరువు మడమమీద పడుతుందా, వేళ్ళమీదా అన్నది తేలలేదు. కాసేపు ఆలోచించి, ఫిజియోను పిలవమంది.

కడ్డీలు పట్టుకుని లేచింది. పడింది. రచయితను ఒక తిట్టు తిట్టి మళ్ళీ లేచింది.

“మడమమీదే,” అంది రొప్పుతూ. “రాసుకోండి.”

తర్వాత ఒక చెయ్యి వదిలేసింది. ఫిజియో పట్టుకోబోతే ఆగమంది.

ఆమె అలసి నిద్రపోయాక చెల్లెలు ప్రచురణకర్తను మెట్లదాకా సాగనంపింది. అక్క అన్న మాటలు మనసులో పెట్టుకోవద్దని అడిగింది. అతను కళ్ళు తుడుచుకుని నవ్వాడు.

“ఆ మూడేళ్ళూ ఒక్క వాక్యంలో దాటెయ్యొద్దని నేనూ అప్పుడే మొత్తుకున్నానమ్మా.”

“మరి?”

“రాసేటప్పుడు మీ అక్క నా మాట వింటేగా.”