రెండో గొట్టం

కాపలా పని ముగించుకొచ్చి, జంటగొట్టాల తుపాకిని గోడకు ఆనించాడు. “ఖాళీదేలే,” అన్నాడు తల్లితో. రోజూ తెరిచి చూసుకునేవాడు. ఇవాళ నిద్ర ముంచుకొస్తోంది.

చీకటి పెరట్లో స్నానానికని చొక్కా విప్పితే, జేబులోంచి తూటా ఒక్కటే రాలింది. గొట్టానికొకటి చొప్పున రెండుండాలి. నేలంతా తడిమాడు. లేదు.

లోపల కూతురు తలుపు గడియ పెట్టింది.

“నాయనమ్మా, నేను పోలీసుని. చేతులెత్తు!”

టక్.

“తలుపు తియ్యవే!” అని అరుస్తూ రెండు చేతులతో తలుపు బాదాడు.

“వస్తున్నా నాన్నా! ఇక్కడ ఇంకో మీట కూడా ఉంది. అదీ నొక్కేసి వస్తా.”

నాయనమ్మ నవ్వింది.

“నొక్కవే తల్లీ. ఖాళీదేనన్నాడుగా మీ నాన్న!”