మెడలో పలక

కాటమరాజు గుడ్డివాడు కావడం అది రెండోసారి.

మొదటిసారి పోయిన నెల గిద్దలూరులో అయ్యాడు. అక్కడి సేవా క్లబ్బువాళ్లు కంటి క్యాంపు పెట్టి, చూపు లేనివాళ్లకు తలా ఒక ఉన్ని రగ్గు ఇచ్చి, ఆపరేషనుకు మర్నాడు రమ్మన్నారు. కాటమరాజు రగ్గు పుచ్చుకున్నాడు, మర్నాటి సంగతి మరిచిపోయాడు. మంచి ఎర్రటి రగ్గు. ఒక మూల మాత్రం నల్లదారంతో ఏవో మెలికలు కుట్టి ఉన్నాయి. అవి పూలతీగలని భార్య కృష్ణమ్మ అంటుంది, చీమల బారని ఇతనంటాడు.

చిక్కల్లా రగ్గు ఒకటీ, మనుషులు ఇద్దరూ కావడం. నల్లమల కింద ఆ ఏడు చలి ఎముకలు కొరికేస్తోంది. రగ్గు కృష్ణమ్మదైపోయింది, వణుకు ఇతనిదైపోయింది. అందుకే మార్కాపురంలోనూ క్యాంపు అని తెలియగానే, ఆమె లేవకముందే ఆ రగ్గు కప్పుకుని ఎర్రగొండపాలెంలో మొదటి బస్సెక్కాడు. సాయంత్రానికి రెండు రగ్గులతో ఇల్లు చేరితే రాజు. లేకపోతే కృష్ణమ్మ గడప తొక్కనివ్వదు.

క్యాంపు హైస్కూల్లో. గేటు దగ్గర క్లబ్బు సెక్రటరీ జీవరత్నం మాస్టరు ఒక్కొక్కరి పేరూ ఊరూ ఏ కన్నో పలక మీద రాసి, మెడలో తగిలించి లోపలికి పంపుతున్నాడు. పలకల ఊరు కదా, కాగితాల కంటే అవే సులువుగా దొరుకుతాయి.

కాటమరాజు కనుగుడ్లు పైకి తిప్పి, కర్రతో నేల తడుముకుంటూ వచ్చాడు.

"రగ్గు బాగుందే పెద్దాయనా, ఎక్కడిది?" మాస్టరు దాని అంచు పట్టుకుని చూశాడు.

"మా బామ్మర్ది పెట్టినాడు సారూ. ఎర్రగుంటాదంట గదా. గుడ్డోన్ని, నాకేం తెలుసు?"

"రెండు కళ్లూ కనపడవా?"

"రెండూ సారూ."

మాస్టరు చాలాసేపు రాశాడు. అందరి పలకల మీదా రెండు వరుసలుంటే, కాటమరాజు పలక నిండిపోయింది. తన గుడ్డితనం అంత బాగా కుదిరినందుకు కాటమరాజుకు లోలోపల ఒకటే సంబరం.

మాస్టరే చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, రోశమ్మ అనే ముసలామె పక్కన బల్ల మీద కూర్చోబెట్టాడు. ఆమె నిజంగానే చూపు లేనిది. పాత చీర చెంగు చుట్టుకుని గజగజ వణుకుతోంది.

"గిద్దలూరుకు గూడ పోయినాను నాయనా," అందామె. "నా ముందర ఎవుడో చూపుండే వాడు గుడ్డోడినని రగ్గు ఎత్తుకపోయినాడంట. నా వంతుకు అయిపాయె. గేటు కాడ మాస్టరు సారుకు గూడ ఇదే చెప్పుకున్నాను."

కాటమరాజు రగ్గు దగ్గరికి లాక్కుని ఇంకోవైపు తిరిగాడు.

ఇంతలో నర్సు వచ్చి పలక చదివి, కొంగు నోటికడ్డం పెట్టుకుని లోపలికి పరుగెత్తింది. మరుక్షణం డాక్టరు బయటికి వచ్చాడు. ఆయనా పలక చదివాడు.

"ముందు ఈయనకే. రెండు కళ్లూ ఒకేసారి కోసేద్దాం. ఆ పెద్ద సూది తీసుకురా అమ్మా."

నర్సు తెచ్చిన సూది జానెడుంది. కాటమరాజు పై ప్రాణాలు పైనే పోయాయి.

"డాక్టరు సారూ, నాకు రగ్గిస్తే సాలు, పోతాను."

"ఇక్కడ ఆపరేషను అయినాకే రగ్గు."

"అట్లయితే నాకు కనపడ్తాది సారూ. ఇప్పుడే కనపడ్తా ఉండాది."

"ఏదీ, ఆ గోడమీది అట్టలో మొదటి అక్షరం ఏమిటో చెప్పు."

కాటమరాజుకు అట్ట కనిపించింది. దాని మీద తాటికాయంత అక్షరమూ కనిపించింది. పుట్టి బుద్ధెరిగాక మేకల వెంట తిరగడమే గాని బడి మొహం చూడనివాడు, దాని పేరేమిటని చెబుతాడు?

"చూశావా, ఏమీ కనపడటం లేదు."

"ఆయమ్మది తెల్లకోక సారూ."

"నర్సులందరివీ తెల్లచీరలే. గుడ్డివాళ్లకూ తెలుసు."

"మీకు మీసాలుండాయి."

"ఊహించి చెబుతున్నావు. సూది నీళ్లల్లో మరిగించుకొస్తాం. కదలకుండా కూర్చో."

వాళ్లు లోపలికి వెళ్లారు. తలుపు దగ్గర బంట్రోతు కాపలా ఉన్నాడు. కాటమరాజు బుర్ర గిర్రున తిరిగింది. ఎర్ర రగ్గు ఇక్కడే కనపడుతుంటే తను ఇక్కడే ఉన్నాడనుకుంటారు గదా. గబగబా రగ్గు తీసి రోశమ్మకు తలనుంచి కాళ్లదాకా కప్పేశాడు.

"ఎవురు నాయనా, ఇంత వెచ్చంగ కప్పినావు?"

"మాట్లాడొద్దు అవ్వా, పనుకో."

బంట్రోతు సరిగ్గా అప్పుడే అటు తిరిగి బీడీ ముట్టించుకున్నాడు. కాటమరాజు కాళ్లకు బుద్ధి చెప్పాడు. కర్ర కూడా మరిచిపోయాడు. వెనకనుంచి పెద్దపెట్టున నవ్వులు వినపడ్డాయి గాని, తరుముకుంటూ ఎవరూ రాలేదు. ఎంత తెలివిగా తప్పించుకున్నానా అని తనను తానే మెచ్చుకుంటూ బస్టాండు చేరి, కదులుతున్న బస్సెక్కి కూలబడ్డాడు. అప్పుడు గుర్తొచ్చింది, ఇంటి దగ్గర కృష్ణమ్మ. రెండో రగ్గు రాకపోగా ఉన్నదీ పోయింది. పాడు గుడ్డితనం జన్మలో మళ్లీ వద్దని చెంపలేసుకున్నాడు.

టికెట్టు కొట్టడానికి వచ్చిన కండక్టరు జిలాని అతని మెడవైపు చూసి ఆగిపోయాడు.

"ఏంది మామా, ఈ వయసులో బళ్లో చేరినావా?"

పలక ఇంకా మెడలోనే వేలాడుతోంది.

"ఏం రాసినారో సదువు అబ్బీ. నా పేరూ ఊరూ అనుకుంటా."

జిలాని పలక అందుకుని, బస్సంతా వినేలా చదివాడు:

"డాక్టరు గారికి. ఈయన కళ్లు రెండూ నిక్షేపంగా ఉన్నాయి, చదువే లేదు. కప్పుకున్న రగ్గు మూల 'గిద్దలూరు కంటి క్యాంపు' అని కుట్టి ఉంది, అది రోశమ్మకు రావలసినది. ఆమె ఒంటి మీదికి చేరేదాకా పెద్ద సూది చూపించండి, చేరగానే బంట్రోతును అటు తిరగమనండి."