అల్లుడు పగలగొట్టిన కిటికీ

కిటికీ అద్దం భళ్ళున పగిలింది. గాజుపెంకులు మంచం మీదికి ఎగిరొచ్చాయి.

మధ్యాహ్నం కునుకులో ఉన్న జోజయ్య అదిరిపడి లేచాడు. తల దిమ్ముగా ఉంది. పగిలిన అద్దంలోంచి చూస్తే బయట అల్లుడు డేనీ, చేతిలో ఇనపరాడ్డు.

"మావయ్యా, తలుపు తియ్యండి! బయటికి రండి!"

"తియ్యను. ఇది నా ఇల్లు!"

డేనీ రెండో కిటికీ కూడా బద్దలుకొట్టాడు.

కాన్‌బెర్రాలో జులై చలి అంటే మాటలా? తొంభై ఒకటిలో మరీ చంపేసింది. పెన్షన్ ఎక్కడుందో అక్కడే ఉంది, హీటర్ బిల్లు మాత్రం ఏటా ఎగబాకుతోంది. కిందటేడు ఆ బిల్లు కట్టి, జోజయ్య దంపతులు చలికాలమంతా చారన్నంతో సరిపెట్టుకున్నారు. అందుకే ఈసారి హీటర్ స్విచ్ ముట్టుకోలేదు. పడగ్గది కిటికీ సందుల్లో పాత దుప్పటి ముక్కలు కుక్కి, పైన టేపు అంటించారు. గది హాయిగా, వెచ్చగా ఉంది. ఎలాగంటారా? జోజయ్య పాతకాలం మనిషి, ఆయన ఉపాయాలు ఆయనకుంటాయి.

ఇందాక కూతురు సెరీనా ఫోన్ చేస్తే, భార్య సువర్ణకుమారి ఆ ఉపాయం కాస్తా పూసగుచ్చినట్టు చెప్పేసింది. అదిగో, అక్కడొచ్చింది చిక్కు.

"మీ పెన్షన్‌తో ఈ ఇల్లు నెగ్గుకురాలేరు మావయ్యా. అమ్మేసి మా దగ్గరికొచ్చెయ్యండి" అని ఈస్టర్ నుంచీ డేనీ ఒకటే పోరు. ఇల్లమ్మితే డబ్బెవరి చేతికెళుతుందో జోజయ్యకి తెలీదూ? ఈ ఒక్క చలికాలం గట్టెక్కి చూపిస్తే మళ్ళీ ఎవడూ నోరెత్తడు. అదీ ఆయన పంతం.

వీధి తలుపు ఊడింది. పడగ్గది తలుపు రెండు తన్నులకే విరిగింది. డేనీ పిచ్చెక్కినవాడిలా లోపలికి దూరాడు. తిన్నగా అత్తగారి దగ్గరికెళ్ళి ఈ చెంపా ఆ చెంపా వాయించాడు.

"లేవండి అత్తయ్యా! లేవండి!"

ఆవిడ మూలిగింది. చంకల కింద చేతులేసి ఆవిణ్ణి మంచం మీంచి ఈడ్చాడు. గాజుపెంకులు గీరుకుని పాదాల్నించి నెత్తురు కారింది.

"ఒరేయ్ దుర్మార్గుడా, ఆడదాన్ని కొడతావురా!"

జోజయ్య చేతికర్రతో అల్లుడి నెత్తిన బాదాడు. చిమ్మిన నెత్తురు కళ్ళలోకి కారినా డేనీ ఆగలేదు. అత్తగార్ని వాకిట్లోకి చేర్చి మళ్ళీ వచ్చాడు. కర్ర లాక్కుని విసిరేశాడు. మావగారి కాలరు దొరకబుచ్చుకున్నాడు.

"నడవండి! ఈ ఇంట్లో ఇంక ఒక్క క్షణం ఉంటానికి వీల్లేదు!"

ఒక్క గెంటు గెంటాడు. జోజయ్య పచ్చిక మీద బోర్లా పడ్డాడు. పెదవి చిట్లింది.

మొగుడితో పాటే వచ్చిన సెరీనా వాకిట్లోనే ఉంది. మొగుణ్ణి ఆపింది అనుకున్నారా? "డేనీ, మమ్మీని ఇంకా దూరం తీసుకెళ్ళు! గేటు దాకా!" అని అరిచింది. కన్నకూతురండీ! జోజయ్యకి గుండె మండిపోయింది.

ఆ రభసకి హడలిపోయి ఎదురింటి కరోలిన్ పోలీసులకి ఫోన్ చేసింది.

"వీణ్ణి అరెస్ట్ చెయ్యండి సార్!" జోజయ్య ఏడుస్తూ పోలీసు చెయ్యి పట్టుకున్నాడు. "నా ఇల్లు కూలగొట్టాడు. నా భార్యని కొట్టాడు. మమ్మల్ని చంపడానికొచ్చాడు!"

డేనీ అత్తగారి పక్కన కూలబడి దగ్గుతున్నాడు. మాట రావడంలేదు.

"ముందు లోపలికెళ్ళి చూడండి" అంది సెరీనా.

లోపలికెళ్ళిన పోలీసు అంతే వేగంగా బయటికి పరిగెత్తుకొచ్చి, "గదంతా మూసేసి మంచం పక్కనే బార్బెక్యూ బొగ్గులతో కుంపటి రాజేసుకున్నారు, ఈ కుర్రాడు కిటికీలు పగలగొట్టకపోతే ఆ విషగాలికి ఇద్దరూ నిద్రలోనే పోయేవాళ్ళు, అంబులెన్సు పంపండి" అని వైర్‌లెస్‌లో అరిచాడు.