సొంత తాళం

మాంసం రుబ్బే యంత్రంలో చెయ్యి పెట్టేవాడు ముందు దాని స్విచ్చి ఆపి, ఇంకెవరూ వెయ్యకుండా దానికి తన సొంత తాళం వేసుకోవాలి. తాళంచెవి వాడి జేబులోనే ఉండాలి. మా నెబ్రాస్కా ఫ్యాక్టరీలో నాకది నేర్పింది ఫోర్‌మన్ క్రెసెన్సియో, మా పెదనాన్న కొడుకు.

"వీడు తాళం వెయ్యలేదు మేడమ్," అన్నాడతను, తనిఖీకి వచ్చిన ఆఫీసరుతో. "వీడికి అన్నీ తొందరే. ఎన్నిసార్లు మొత్తుకున్నానో!"

కట్టు కట్టిన నా మొండిచేతి వైపు మాత్రం చూడలేదు.

ఎడమచేత్తో తాళంచెవి తీసి బల్లమీద పెట్టాను.

"చెవి చూపిస్తే సరిపోయిందా? తాళం ఏదిరా?"

నిజం చెబుతాడేమోనని అప్పటిదాకా ఆగాను. ఇక కట్టర్‌తో తెగ్గోసిన నా తాళాన్ని దాని పక్కన పెట్టాను.

"నీ ప్యాంటు జేబులోనే ఉందట అన్నా. ఉతకబోతూ వదిన చూసింది."