జానెడు మచ్చ

“వేడి గిన్నె తెచ్చి ఎక్కడ పడితే అక్కడ పెట్టెయ్యడమేనా మామయ్యా? ఇదేమన్నా మన సొంతిల్లా?”

కోడలి కేకకు ముందుగదిలో పేపరు చదువుకుంటున్న మామగారు ఉలిక్కిపడి వంటగదిలోకి వచ్చారు. ఆఫీసు నుంచి అప్పుడే వచ్చిన కోడలు భుజం మీది బ్యాగు కూడా దించలేదు. స్టవ్ పక్కన చెక్క గట్టు మీద ఇంత గుండ్రటి మచ్చ. పైన అతికించిన తెల్ల షీటు కమిలి, నడిమధ్యన బొబ్బలా పొంగింది.

“నేనా పెట్టింది?”

“పగలంతా ఇంట్లో ఉండేది మీరొక్కరే. మీ అబ్బాయి క్యాంపుకెళ్ళి వారమైంది. ఇక గోడలు పెట్టాయా?”

“టీ కాచుకున్న మాట నిజమే. గిన్నె స్టవ్ మీదే ఉంచినట్టు గుర్తు...” ఆయన మచ్చను వేలితో తడిమారు. “ఏమో, నేనే అయ్యుంటానమ్మా.”

“అయ్యుంటానేమిటి? చేసిన పని కూడా గుర్తుండదా మీకు?”

ఆయన మర్నాడు పొద్దున్నే లేచి నిమ్మచెక్కతో ఒకసారి, వంటసోడాతో ఒకసారి, పళ్ళపేస్టుతో ఒకసారి గంటసేపు రుద్దారు. మచ్చ తళతళా మెరిసింది తప్ప పోలేదు.

శనివారం వడ్రంగి వచ్చాడు. వంగి చూసి, గోటితో గీకి, పెదవి విరిచాడు.

“రుద్దితే పోయే సరుకు కాదమ్మా ఇది. లోపలి చెక్క కూడా మాడింది. ఈ మేరకు కోసేసి రాతిపలక కూర్చోబెడతాను. ఇకమీదట నిప్పుల మీంచి తెచ్చి పెట్టినా సరే, ఉలకదు పలకదు.”

“సరే కానివ్వండి. మా మామగారు చూసుకోకుండా టీ గిన్నె పెట్టేశారు.”

వడ్రంగి నవ్వాడు. “టీ గిన్నా? మీ ఇంట్లో టీ వీధి వీధంతటికీ కాస్తారా ఏంటమ్మా?” మచ్చ మీద చెయ్యి పరిచి, బొటనవేలి నుంచి చిటికెన వేలిదాకా చాపాడు. “సరిగ్గా నా జానకు జానెడుంది. ఇంత సాపు అడుగు పెనానికే ఉంటుంది. ఇనప పెనం. అదీ బాగా కాలింది.”

ఆ ఇంట్లో పెనం ముట్టుకునేది ఆమె ఒక్కతే.

ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. మచ్చ కనబడిన ఆ మంగళవారం పొద్దున పొయ్యి మీద పెనం కాలుతుండగా ఆఫీసు నుంచి ఫోను వచ్చింది. ఫోన్ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని పెనం గట్టు మీదికి దించింది. పది నిమిషాలు మాట్లాడింది. ఆలస్యమైపోయిందని పెనాన్ని సింకులో పడేసి, బ్యాగు తగిలించుకుని పరిగెత్తింది. గట్టు వంక చూడనైనా లేదు.

ఈలోగా వడ్రంగి రంపం అందుకున్నాడు. ఆ రొదకు కింది వాటాలో ఉండే ఇల్లుగలావిడ గబగబా మెట్లెక్కి వచ్చింది.

“ఏంటిది? ఎవరు కాల్చారు నా గట్టు?”

కోడలు నోరు తెరిచింది. ఈలోపు మామగారు తన గదిలోంచి వచ్చేశారు.

“నేనేనమ్మా. పిల్లదానికేం సంబంధం లేదు. పెద్దతనం... చేత్తో ఎక్కడ ఏం పెడుతున్నానో గుర్తుండటం లేదు. బాగు చేయించేస్తున్నాం, ఏమీ అనుకోకు.”

ఆయన చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఇల్లుగలావిడకు ఆయన కూతురి వయసుంటుంది. ఆవిడ ఆయనతో కాకుండా కోడలి వైపు తిరిగి చెప్పింది.

“పెద్దాయన్ని పొయ్యి దగ్గరికి ఒంటరిగా రానివ్వకమ్మా. ఇవాళ గట్టు, రేపు ఇల్లు. గ్యాసుతో వ్యవహారం.”

మామగారు బుద్ధిగా తలూపారు. కోడలు నేల మీది రంపపు పొట్టు చూస్తూ నిలబడింది. ఒక్క మాట అంటే సరిపోయేది. ఆ ఒక్క మాటా నాలుక దాటలేదు.

అందరూ వెళ్ళిపోయాక పొట్టు ఊడ్చింది. కొత్త పలక తుడిచింది. తుడిచిందే మళ్ళీ తుడిచింది. ‘తప్పు నాది మామయ్యా, మిమ్మల్ని అనవసరంగా అన్నాను.’ నాలుగైదుసార్లు లోలోపల అనుకుని, ధైర్యం కూడగట్టుకుని ఆయన గది తలుపు తోసింది.

“రా అమ్మా! నేనే పిలుద్దామనుకుంటున్నా.” ఆయన ముఖం వెలిగిపోతోంది. “గుర్తొచ్చింది!”

“ఏంటి మామయ్యా?”

“ఆ టీ గిన్నె సంగతి. నాలుగు రోజులుగా కంటి మీద కునుకు లేదనుకో. మా అన్నయ్యకూ ఇలాగే మొదలైంది. మొదట చిన్నచిన్నవి మర్చిపోయాడు, చివరికి కన్నకూతుర్ని పట్టుకుని నువ్వెవరమ్మా అన్నాడు. నాకూ అదే వచ్చిందని హడలిపోయాను. ఇదిగో చూడు.”

బల్ల మీద నాలుగు కాగితాలు. నాలుగింటి మీదా మంగళవారం తానేం చేసిందీ గంటగంటకూ రాసి ఉంది, ఆరింటికి లేవడం, పాలు తీసుకోవడం, టీ కాచడం. మూడు కాగితాల్లో టీ తర్వాత ప్రశ్నార్థకం. నాలుగో దాంట్లో మాత్రం ఆ చోట ఒక వాక్యం, కింద రెండు గీతలు.

“ఇందాక ఆవిడ ముందు నిలబడ్డప్పుడు, తెర తీసినట్టు అంతా కనిపించిందమ్మా. టీ వడగట్టాను. గిన్నె ఇలా ఎడమచేత్తో పట్టుకెళ్ళి గట్టు మీద పెట్టాను. సుయ్‌మని చప్పుడు కూడా విన్నాను!” ఆయన చిన్నపిల్లాడిలా నవ్వారు. “బుర్ర బాగానే ఉంది. నాకింక భయం లేదు. అవునూ, నువ్వేదో చెప్పాలని వచ్చినట్టున్నావ్?”

కోడలు ఆ రెండు గీతల వంక చాలాసేపు చూసింది.

“అదే మామయ్యా... మీకు సరిగ్గానే గుర్తొచ్చింది,” అంది. “మీరే పెట్టారు.”