బతికున్న ట్యాంకు

"గేటు కొంచెం పైకెత్తి తొయ్యాలండి," అన్నాడు కోటిలింగం.

అప్పటికి అనంతకృష్ణ ఆ గేటుతో రెండు నిమిషాలుగా కుస్తీ పడుతున్నాడు. పైకెత్తి తోస్తే కిక్కురుమనకుండా తెరుచుకుంది.

ఆరేళ్ళుగా తాళం వేసి ఉన్న ఇల్లది. మోపిదేవికి రెండు మైళ్ళ ఇవతల, కాలవ పక్కన. పోస్టుమాస్టరు బుచ్చిబాబు కట్టుకున్నాడు, అందులోనే పోయాడు. విజయవాడలో ఉంటున్న చెల్లెలు శేషారత్నం ఇప్పుడు అమ్మకానికి పెట్టింది.

అనంతకృష్ణకి గుడివాడ నుంచి ఈ ఊరి హైస్కూలుకి బదిలీ అయింది. ఊళ్ళో అద్దెకి కొంప దొరకలేదు. భార్య శ్రీవిద్యకి ఏడో నెల. ఈ ఇల్లు కుదిరితే వారంలో తీసుకొచ్చేస్తాడు. కుదరకపోతే కాన్పు దాకా ఆవిడ అక్కడ, ఈయన ఇక్కడ.

శ్రీవిద్య ఒక్కటే షరతు పెట్టింది. "సెప్టిక్ ట్యాంకు చూపించాకే సంతకం." గుడివాడ అద్దింట్లో వానాకాలమంతా బాత్రూంలోకి నీళ్ళు ఎదురుతన్నితే ఎత్తిపోసింది ఆవిడే మరి.

ట్యాంకులు చూడ్డంలో దివిసీమ మొత్తానికి కోటిలింగాన్ని మించినవాడు లేడు. ఆ మాట చెప్పేది కూడా కోటిలింగమే.

"నాగాయలంకలో ఓ ట్యాంకు మూత తీసి, ఇంట్లో ఒక మనిషి ఎక్కువున్నాడన్నానండి. అంతే, అత్తగారు గొల్లుమంది. అల్లుణ్ణి నాలుగు రోజులుగా గదిలో దాచిపెట్టిందట. మావగారికి తెలీదు!"

పక్కింటి కుక్క గోడ మీదికి ఎగిరి అనంతకృష్ణని తిడుతోంది. కోటిలింగాన్ని చూసి మాత్రం తోకాడించింది.

"నా దగ్గరొచ్చే వాసన దానికి మహా ఇష్టమండి," అంటూ కోటిలింగం తిన్నగా పెరట్లోకి నడిచి, రెండు కొబ్బరిమట్టలు పక్కకి లాగి, గునపంతో మూత లేపాడు. "వంగి చూడకండి మేష్టారూ. ఆ గాలి పీల్చారంటే బుచ్చిబాబుగారితో నేరుగా బేరమాడుకోవచ్చు."

పొడుగాటి వెదురుకర్రకి తెల్లటి పాతపంచె చుట్టి నిలువుగా లోపలికి దింపాడు. కాసేపుంచి మెల్లగా పైకి తీశాడు. బట్ట మీద మరకలు జానతో కొలిచాడు. అంతవరకూ మొహాన ఉన్న నవ్వు కాస్తా పోయింది.

"ఎన్నాళ్ళుగా ఖాళీ అన్నారూ?"

"ఆరేళ్ళు."

"వాడకం లేని ట్యాంకైతే పైన తెట్టు ఎండిపోయి పెచ్చు కట్టాలండి. ఇది చూడండి, పచ్చిగా ఉంది. ఇది బతికున్న ట్యాంకు. ఇవాళ పొద్దున కూడా వాడారు."

"ఎవరు?"

"పేరు రాసుండదు కదండీ. లెక్క మాత్రం ఒక్క మనిషిది."

అనంతకృష్ణ పెరటి మరుగుదొడ్డి వంక చూశాడు. గుమ్మం ముందు గచ్చు తడిగా ఉంది. వానపడి పదిరోజులైంది.

గోడ అవతల ఎండుచేపలు తిరగేస్తున్న వెంకటరత్నమ్మ తల పైకెత్తింది. "నే చెబితే నవ్వావు కదరా కోటీ! రోజూ తెల్లారుజామున నీళ్ళు కుమ్మరించుకున్న చప్పుడు వినపడుద్ది బాబూ. పోస్టుమాస్టరుగారు బతికున్నప్పుడూ ఆ వేళకే స్నానం."

"పుల్లమజ్జిగ తాగి పడుకుంటే అన్నీ వినపడతాయి పిన్నీ. దయ్యాల్లేవు, ఏం లేవు. ఓ గ్లాసుడు పాలుంటే ఈ సీసాలో పొయ్యి."

"మళ్ళీ పాలా? చంటిపిల్లాడివేంట్రా!" అని విసుక్కుంటూనే పోసిచ్చింది.

అనంతకృష్ణ వినడం లేదు. పెరటివైపు గది తలుపు చూస్తున్నాడు. దాని తాళంచెవి ఎప్పుడో పోయిందని శేషారత్నం చెప్పింది. వీధిగుమ్మం తాళం తుప్పుపట్టి మట్టిరంగుకి తిరిగింది. ఈ తాళం నూనె రాసినట్టు నిగనిగలాడుతోంది.

"పగలగొట్టి చూద్దాం," అన్నాడు.

కోటిలింగం గునపం అందించాడు. "కొట్టండి. నేను మాత్రం కొట్టనండి. లోపల్నుంచి ఎవరైనా 'ఎవరదీ' అంటే జవాబు మీరే చెప్పుకోవాలి."

అనంతకృష్ణ గునపం ఎత్తాడు.

లోపల స్టీలు గ్లాసు కిందపడింది. దొర్లుకుంటూ తలుపు దాకా వచ్చి, ఆగింది.

కుక్క మొరగడం మానేసింది. వెంకటరత్నమ్మ చేపల్ని అలాగే వదిలేసి ఇంట్లోకెళ్ళి గడియ పెట్టుకుంది. గునపం అనంతకృష్ణ చేతిలోంచి ఎప్పుడు జారిందో అతనికే తెలీదు.

జేబులో ఫోను మోగితే ఉలిక్కిపడ్డాడు. శ్రీవిద్య.

"ఏమండీ, ట్యాంకు ఎలా ఉందిట?"

కడుపుతో ఉన్న మనిషికి ఏమని చెబుతాడు? "బాలేదు విద్యా. ఈ ఇల్లు వద్దు."

"మరి నేను?"

"కాన్పు దాకా అక్కడే ఉండు. వారం వారం వస్తాను." అవతల్నుంచి చెంగుతో ముక్కు తుడుచుకున్న చప్పుడొచ్చింది.

"రిపోర్టులో ఏం రాయమంటారండీ?" అన్నాడు కోటిలింగం మెల్లగా.

"చూసిందే రాయండి."

"గోడలు గట్టివి, పగుళ్ళు లేవు, ఒక్క మనిషి వాడుతున్నాడు. అంతేనండి. ట్యాంకుల విషయంలో నేను అబద్ధమాడను."

అనంతకృష్ణ బైకు స్టార్టు చేశాడు. రెండుసార్లు ఆగిపోయి మూడోసారి అందుకుంది. "మిమ్మల్ని ఇంటి దగ్గర దింపనా?"

"ఎందుకండీ, నాది ఇక్కడే, దగ్గరే. మీరు పొద్దుగూకకముందే కరకట్ట ఎక్కెయ్యండి."

బైకు చప్పుడు కరకట్ట మీద సన్నగిల్లేదాకా కోటిలింగం గేటు దగ్గరే నిలబడ్డాడు. వెనక్కొచ్చి ట్యాంకు మూత వేశాడు. మట్టలు ఎప్పట్లాగే కప్పాడు. కర్ర కడిగి గోడకి ఆనించి, పాలసీసా అందుకున్నాడు.

మొలతాడుకున్న తాళంచెవితో ఆ గది తెరిచి, పిల్లికి పాలు పోశాడు.